ఒంట్లో కొవ్వు కొలిపించుకున్నా – నా అనుభవం

వరసగా మూడేళ్ళు ఆఫీసు హెల్త్ చెకప్‌లో నా కార్డు మీద గ్రీన్ చుక్కే పడింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువేనా అని చూసే లెక్క) 23.5, నార్మల్ అని రాసేసి నెక్స్ట్ అని పిలిచేసేవాళ్ళు. నాకూ అదే హాయి. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, పొట్ట ఒక్కటే కాస్త ముందుకి, అది కూడా పక్క నుంచి ఫోటో తీస్తే తప్ప తెలీదు, అందుకని పక్క నుంచి ఫోటోలు దిగడం మానేశా, సమస్య తీరిపోయింది అనుకున్నా.

నాలుగో ఏడు కొత్త సిస్టర్ వచ్చింది, ఆవిడ చేతిలో టేపు ఉంది. నడుం కొలుస్తాను సార్ అంటే నేను తొందరలో ఉండి "34 అని రాసేసుకోండి సిస్టర్" అన్నా. "అది మీ ప్యాంటు సైజు సార్, నడుం కాదు" అని నవ్వి చొక్కా ఎత్తమంది. బెల్టు ఉండే చోట కొలుస్తారేమో అనుకున్నా, కాదు. డొక్కలో వేలితో నొక్కి చివరి పక్కటెముక ఎక్కడ అయిపోతుందో చూసి పెన్నుతో ఒక చుక్క పెట్టింది, కింద తుంటి ఎముక పై అంచు పట్టుకుని ఇంకో చుక్క, ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు. వెనకాల టేపు కిందికి జారిందేమో అని నా చుట్టూ ఒక రౌండు తిరిగి మరీ చూసింది. నేను నాకు తెలీకుండానే పొట్ట లోపలికి లాక్కున్నా. "మామూలుగా ఊపిరి వదిలేయండి సార్, ఇక్కడెవరూ ఫోటో తీయట్లేదు" అంది. వదిలా. 93 సెంటీమీటర్లు.

34 అంగుళాలంటే 86 చిల్లర. మరి ఆ మిగతా ఏడు సెంటీమీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి అంటే, నా బెల్టు ఉండేది పొట్ట మీద కాదు, పొట్ట కింద. ఇన్నేళ్ళలో ప్యాంటు సైజు మారలేదు నిజమే, ప్యాంటే కిందికి దిగుతూ వచ్చింది. ఇది అర్థమవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

ఆవిడ ఫోన్లో 93ని 170తో భాగించి 0.55 అని కార్డు మీద రాసి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. నడుం మీ ఎత్తులో సగం దాటకూడదు సార్, మీది దాటింది, ఒకసారి డాక్టర్ గారిని కలిసి రక్త పరీక్షలు చేయించుకోండి అని చెప్పి పంపించింది. ఒకే కార్డు మీద గ్రీన్ చుక్క, ఎర్ర సున్నా. ఇంటికొచ్చేదాకా ఆ రెండిటినీ మార్చి మార్చి చూస్తూనే ఉన్నా.

నేను ఏదైనా తెలీకపోతే రాత్రి రెండింటి దాకా కూర్చుని చదివే రకం. ఈ బీఎంఐ లెక్క కట్టింది అసలు డాక్టరే కాదట, 1830ల్లో క్వెట్‌లే అని ఒక బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు, స్టాటిస్టిక్స్ మనిషి, సగటు మనిషి కొలతలు ఎలా ఉంటాయా అని వేసుకున్న లెక్క. దానికి బాడీ మాస్ ఇండెక్స్ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్టాడు. బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తారు, అంతే. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు కూడా తొడల్లో ఉందా పొట్టలో ఉందా అనేది దానికి అక్కర్లేదు. వేల మందిని కలిపి చూడ్డానికి బానే పనికొస్తుంది, నా ఒక్కడి గురించి అడిగితే మాత్రం చెప్పగలిగింది తక్కువ.

చదువుతుంటే 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న పీస్ దొరికింది, దాంట్లో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడిన ఫోటో ఉంటుంది, పూణే యాజ్ఞిక్ గారు, లండన్ యుడ్కిన్ గారు. ఇద్దరి బీఎంఐ అచ్చంగా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్ గారికి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. చూడ్డానికి సన్నంగా ఉండి లోపల కొవ్వుండే శరీరాల గురించి చెప్పడానికి తమనే ఉదాహరణగా పెట్టుకున్నారు. ఆ ఫోటో చూశాక నాకు నా కార్డు మీద గ్రీన్ చుక్క అంటే నమ్మకం పోయింది. దక్షిణాసియా వాళ్ళకి నడుం హద్దు కూడా తక్కువే పెట్టారు, అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ లెక్కలో మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు. యూరప్ మగవాళ్ళకి 94. జపాన్లో అయితే 2008 నుంచి 40 నుంచి 74 ఏళ్ళ మధ్య వాళ్ళందరికీ చెకప్‌లో నడుం కొలుస్తారు, అక్కడ మగవాళ్ళకి 85, ఆడవాళ్ళకి 90, మిగతా చోట్లకి తిరగేసి ఉంటుంది, దాని మీద వాళ్ళలో వాళ్ళకే బోలెడు వాదనలున్నాయి.

సరే, ఇక్కడి దాకా బుద్ధిగానే ఉన్నా. వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళి ఉంటే ఈ కథ ఇంత పొడుగు అయ్యేది కాదు. కానీ నాకు నడుం కొలత చిన్నపిల్లల ఆటలా అనిపించింది, సైంటిఫిక్‌గా ఒక శాతం కావాలి అనిపించింది, నీ ఒంట్లో కొవ్వు ఇంత అని దశాంశంతో సహా. కొవ్వు శాతం చెప్పే బరువు మిషన్ ఒకటి కొన్నా.

మొదటి రోజు పొద్దున 21.8. అదే రోజు సాయంత్రం 20.3. పగటిపూట ఏం సాధించానని ఒకటిన్నర శాతం కరిగింది? మర్నాడు పొద్దున మళ్ళీ 22. ఒక గ్లాసు నీళ్ళు తాగి ఎక్కితే ఇంకొంచెం పెరిగింది, పరిగెత్తి వచ్చి ఎక్కితే తగ్గింది. తీరా తెలుసుకుంటే ఆ మిషన్ కొవ్వుని చూడనే చూడదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకి తెలీనంత సన్నని కరెంటు పంపి ఎంత అడ్డం తగిలిందో చూస్తుంది. నీళ్ళున్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డాన్ని మన వయసు, ఎత్తు, ఆడా మగా అనే వివరాలతో కలిపి ఒక ఫార్ములాలో వేసి అంచనా చెప్తుంది. అందుకే ఒంట్లో నీళ్ళు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి నంబర్ ఊగుతుంది. పైగా పాదాల మిషన్లో కరెంటు ఒక కాలు ఎక్కి రెండో కాలు దిగిపోతుంది, నా అసలు సమస్య ఉన్న పొట్ట వైపు పెద్దగా రాదు, అక్కడి సంగతి ఫార్ములానే ఊహించుకోవాలి. నా కాళ్ళు సన్నం అని ముందే చెప్పా కదా, దానికి నేను బానే కనిపించాను.

ఇంకో విషయం చెప్తే నవ్వుతారు. ఆ యాప్‌లో అథ్లెట్ మోడ్ అని ఒకటుంది. ఒక రాత్రి ఎవరూ చూడకుండా అది నొక్కి ఎక్కా. 16.4. శరీరం అదే, నిమిషం తేడా, ఐదు శాతం కొవ్వు మాయం. కాసేపు ఆనందంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

ఆ వారంలోనే నాన్నగారు మా ఇంటికొచ్చారు, కొత్త మిషన్ చూసి సరదాగా చెప్పులు విడిచి ఎక్కబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచి "మావయ్యగారూ ఆగండి" అని ఒక్క కేక పెట్టింది. నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. ఒంట్లోకి కరెంటు పంపే మిషన్లు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు వాడకూడదని దాని కాగితం మీదే రాసుంది, తను చదివింది, నేను చదవలేదు. ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, ఇంట్లో అలాంటి మిషన్ ఉంటే పెద్దవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి, గర్భంతో ఉన్నవాళ్ళు కూడా వాడొద్దనే రాస్తారు.

తర్వాత మా బావమరిది. వాడు జిమ్ములోనే పుట్టాడా అన్నట్టుంటాడు. "బావా, ఆ మిషన్ ఎందుకు, కాలిపర్‌తో చూస్తా రా" అని పట్టకారు లాంటి దాన్ని తెచ్చాడు. ఛాతీ, పొట్ట, తొడ, మూడు చోట్ల కుడి పక్కన చర్మం మడతని రెండు వేళ్ళతో పైకి లాగి పట్టుకుని కాలిపర్ వేసి మిల్లీమీటర్లు చదివాడు, ఆ మూడూ కూడి వయసుతో కలిపి లెక్కేస్తే 19 శాతం. జాక్సన్ పొలాక్ పద్ధతి అంటారు దాన్ని, 1978 నాటిది. అలవాటున్న చేయి అయితే బానే చెప్తుందట. మావాడి చేయి మాత్రం ఒకే చోట మూడు సార్లు మూడు నంబర్లు చెప్పింది. పనిలో పనిగా వాణ్ణి కూడా కొలిచా. 178 సెంటీమీటర్లు, 88 కిలోలు, బీఎంఐ 27.8, వాడి ఆఫీసు కార్డు మీద ఓవర్‌వెయిట్ అని పసుపు చుక్క. సిస్టర్ నేర్పినట్టు పక్కటెముక, తుంటి ఎముక చూసుకుని టేపు పెడితే 86. అంటే ఎత్తులో సగానికి లోపల. నాకన్నా ఇరవై కిలోలు ఎక్కువ మనిషి, నడుం నాకన్నా ఏడు సెంటీమీటర్లు తక్కువ!

అప్పటికి నా దగ్గర 21.8, 20.3, 16.4, 19 అని నాలుగు నంబర్లున్నాయి, వాటిలో ఏది నిజం అంటే చెప్పలేను, అన్నీ నేను బానే ఉన్నాను అనే చెప్తున్నాయి కాబట్టి చెప్పాలని కూడా లేదు. చివరికి మా ఆవిడే "మిషన్లు మార్చడం అయిందా, ఇక డాక్టర్ దగ్గరికి వెళ్తారా" అని అపాయింట్‌మెంట్ తనే తీసుకుంది.

డాక్టరమ్మ పెద్దావిడ. నా నంబర్లన్నీ ఓపిగ్గా విని, కార్డు మీద ఎర్ర సున్నా చూసి, నా పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇదిగో, ఇలా చేతికొచ్చేది కాదు బాబూ సమస్య, చేతికి రానిది" అంది. చర్మం కింద ఉండేది ఒక కొవ్వు, లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునేది ఇంకోటి, విసరల్ ఫ్యాట్ అంటారు. ఆ లోపలి కొవ్వు నుంచి వచ్చేదంతా పోర్టల్ సిర ద్వారా నేరుగా కాలేయానికి చేరుతుంది, దాంతో ఇన్సులిన్ మాట కాలేయం వినడం మానేస్తుంది, షుగరు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) పెరగడం మొదలు. తొడల్లో, పిరుదుల్లో ఉండే కొవ్వుతో అంత గొడవ లేదు, అది ఒక రకంగా సేఫ్ గోడౌన్ లాంటిది అంది. కాలిపర్ పట్టేది చర్మం కింద ఉన్నదాన్నే, అందుకే నాకు 19 వచ్చింది. నంబర్ పిచ్చి తీరాలంటే డెక్సా చేయించుకో, కానీ అంతకన్నా ముందు పరగడుపున రక్తం ఇవ్వు అని రెండూ రాసింది.

డెక్సా అంటే ఎముకల సాంద్రత చూసే స్కానే, ఒళ్ళంతా చూస్తే కొవ్వు కూడా చెప్తుంది. జేబులో తాళాలు, బెల్టు, గడియారం అన్నీ తీసేసి బల్ల మీద వెల్లకిలా పడుకోవాలి, కాళ్ళు కదలకుండా ఒక పట్టీ కట్టారు, పైన ఒక చేయి లాంటిది తల దగ్గర్నుంచి పాదాల దాకా నెమ్మదిగా జరుగుతూ వెళ్ళింది. సొరంగం లేదు, చప్పుడు లేదు, పది నిమిషాల లోపే అయిపోయింది, నేను దాదాపు నిద్రపోయా. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి ఎముక, కొవ్వు, మిగతా కండ విడదీస్తుంది. రేడియేషన్ చాలా తక్కువ, అయినా గర్భిణులకి చేయరు.

రిపోర్టులో నా బొమ్మ ఉంది, చేతులు కాళ్ళు ఒక రంగు, పొట్ట దగ్గర పసుపు ముద్ద. మొత్తం కొవ్వు 29.1 శాతం, అంటే 68 కిలోల్లో దాదాపు 19.8 కిలోలు కొవ్వే. పొట్ట భాగంలో 38 శాతం, తుంటి భాగంలో 28. ఆ బొమ్మ చూశాక అథ్లెట్ మోడ్ గుర్తొచ్చి నా మీద నాకే జాలేసింది.

రక్తం రిపోర్టు కూడా అదే రోజు వచ్చింది. ట్రైగ్లిజరైడ్లు 212, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారే, అది) 36, పరగడుపు షుగర్ 106, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.9. బీపీ ఒక్కటే మంచిగా 124/80. డాక్టరమ్మ కాగితం వెనక ఐదు గీతలు గీసింది, నడుం 90 దాటిందా, ట్రైగ్లిజరైడ్లు 150 దాటాయా, మగాడికి హెచ్‌డీఎల్ 40 కన్నా తక్కువా (ఆడవాళ్ళకి 50), బీపీ 130/85కి చేరిందా, పరగడుపు షుగర్ 100కి చేరిందా. ఐదింట్లో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు, అంటే షుగరు జబ్బు, గుండెజబ్బు ముప్పు పెంచే లక్షణాల గుంపు, నీకు నాలుగున్నాయి అంది. చూశావా, ఈ ఐదింట్లో కొవ్వు శాతం అనే గీతే లేదు, నడుం ఉంది అని కూడా అంది. నాకు కొంచెం ఒళ్ళు మండింది, అంటే ఆ సిస్టర్ అర నిమిషంలో టేపుతో చెప్పిన దాని కోసం నేను నెలన్నర తిరిగానన్నమాట.

మరి కొవ్వు శాతానికి హద్దు ఎంత అని అడిగా. ఎక్కువమంది మగవాళ్ళకి 25, ఆడవాళ్ళకి 35 దగ్గర గీత గీస్తారు కానీ బీఎంఐకి ఉన్నట్టు ప్రపంచమంతా ఒప్పుకున్న గీత లేదంది. 2024లో అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే డేటా మీద మెటబాలిక్ సిండ్రోమ్‌ని పట్టుకుని లెక్క కట్టిన వాళ్ళు మగవాళ్ళకి 25 దాటితే ఓవర్‌వెయిట్, 30 దాటితే ఒబేసిటీ, ఆడవాళ్ళకి 36, 42 అని చెప్పారు. 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ వాళ్ళేమో బీఎంఐ ఒక్కదాన్నే నమ్మొద్దు, నడుమో, నడుం–ఎత్తు నిష్పత్తో, లేదా నేరుగా కొవ్వు కొలతో ఇంకోటి తోడు ఉండాలి అన్నారు, అది కూడా కొవ్వు ఉండటం వేరు, దాని వల్ల ఒంట్లో పనులు దెబ్బతినడం వేరు అని విడదీసి చెప్పారు.

ఈ ఆడ మగ తేడా మా ఇంట్లోనే చూశా. నాకు స్కాన్ అయ్యాక మా ఆవిడ కూడా చేయించుకుంది, తనకి 34 శాతం. నాకన్నా ఐదు ఎక్కువ అని నేను లోపల్లోపల సంతోషించా. రక్తం చూస్తే అన్నీ నార్మల్, ఎత్తు 158కి నడుం 76, ఐదు గీతల్లో ఒక్కటి కూడా పడలేదు. ఆడవాళ్ళ శరీరానికి కొవ్వు సహజంగానే ఎక్కువ కావాలి, అదీ తుంటి కిందే ఎక్కువ ఉంటుంది. "నా గోడౌన్ సరైన చోట ఉందండీ" అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

తర్వాత ఆరు నెలలు ఏం చేశానో పెద్దగా చెప్పను, రోజూ నడక, వారానికి మూడు సార్లు బరువులు (బావమరిది కాపలా), తిండి కొలత తగ్గించడం, పన్నెండు లోపు పడుకోవడం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. డాక్టరమ్మ పెట్టిన షరతులు మాత్రం పనికొచ్చాయి. మళ్ళీ డెక్సా తీస్తే అదే మిషన్ మీద, పొద్దున్నే, పరగడుపునే తీయాలి, ఒక మిషన్ నంబర్ పక్కన ఇంకో మిషన్ నంబర్ పెట్టి చూడకూడదు, ఒక శాతం అటూ ఇటూ అయితే అసలు లెక్కే వేయకూడదు. టేపు మాత్రం వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున, పెన్ను చుక్కలు పెట్టుకుని.

ఆరు నెలలకి బరువు 65.2. మూడు కిలోలు కూడా తగ్గలేదు, ఆఫీసులో ఒక్కడు కూడా గమనించలేదు. డెక్సాలో 26.2 శాతం, అంటే కొవ్వు 19.8 కిలోల నుంచి 17.1కి వచ్చింది, కండ దాదాపు అలాగే ఉంది, పోయిందంతా కొవ్వే. ఇంట్లో పాదాల మిషన్ మాత్రం 21.8 నుంచి 21కి తగ్గిందని చెప్పింది, దాన్నే నమ్ముకుని ఉంటే మూడో నెలలోనే వదిలేసేవాణ్ణి. ట్రైగ్లిజరైడ్లు 146, షుగర్ 98, హెచ్‌బీఏ1సీ 5.7. హెచ్‌డీఎల్ 39 దగ్గర మొండికేసింది, ఆ ఒక్క గీత ఇంకా ఉంది.

మొన్న మళ్ళీ ఆఫీసు చెకప్ అయింది. బీఎంఐ 22.6, నార్మల్, అదే గ్రీన్ చుక్క, 29 శాతం ఉన్నప్పుడు ఏ రంగో ఇప్పుడూ అదే రంగు. ఆ సిస్టరే ఉంది, టేపు తీయకముందే చొక్కా ఎత్తేశా, ఊపిరి కూడా వదిలేశా. "87న్నర సార్" అంది. 170తో భాగించి 0.51 అని రాసి, కాసేపు చూసి, మళ్ళీ ఎర్ర పెన్నే తీసింది.